తలెత్తి చూసేదాకా

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నా కూతురి చదువు ఆగిపోతుందని కాదు, కొన్నాళ్ళు ఆగుతుందని.

రెండింటికీ తేడా ఏముందని మీరు అడగవచ్చు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మ కాలు విరిగింది. "రెండు నెలలే బిడ్డా, అమ్మ లేచి నిలబడంగనే పోదువు" అన్నాడు నాన్న. అమ్మ లేచి నిలబడింది, నడిచింది, నా పెళ్ళిలో అటూ ఇటూ పరుగులు కూడా పెట్టింది. ఆ రెండు నెలలు మాత్రం ఇప్పటికీ అయిపోలేదు.

అందుకే ఎవరైనా "నాలుగు రోజులే కదా" అంటే నాకు ఆ రెండు నెలలే గుర్తొస్తాయి.

ఇక ఇది ప్రేమకథ. నాది కాదు, మా మరిది శివకుమార్‌ది. మధ్యలో నా భయం ఎందుకు వచ్చిందంటే, వాడికీ వాడు ఇష్టపడ్డ పిల్లకూ మధ్య ఏది అడ్డం పడినా ఆగేది మా నిషిత చదువే కాబట్టి.

నిషిత రెండో తరగతి. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే గడగడా చదివేసేది. మా అత్తమ్మ కౌసల్యమ్మ మురిసిపోయి వాడకట్టంతా చెప్పుకొచ్చింది. ఒకరోజు నేను పక్కన కూర్చుని ఊరికే పేజీ తిప్పాను. పాప ఆగలేదు. తిప్పిన పేజీలో చేప బొమ్మ ఉంది. అది మాత్రం ఇంకా చిలక పాఠమే చదువుతోంది.

తరగతిలో వినీ వినీ మొత్తం నోటికి వచ్చేసిందన్నమాట. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం దానికి రాదు.

ఆ వారంలోనే మా పాశమైలారం బడి వరండాలో సాయంత్రం చాపలు పరిచారు. చుట్టుపక్కల కంపెనీలలో పనిచేసే నలుగురైదుగురు డ్యూటీ దిగాక వచ్చి, చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివిస్తారట. డబ్బులేమీ తీసుకోరు. ఒక్కో పెద్దమనిషికి ఇద్దరు పిల్లలు.

మా నిషితకు దొరికిన మేడం పేరు శ్రీదివ్య. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. వాళ్ళది భీమవరం వైపు. నాన్న నరసరాజుగారు ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికని వచ్చి రామచంద్రాపురంలోనే స్థిరపడ్డారు. చాప మీద నిషితతో పాటు సునంద అని ఇంకో పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న బాయిలర్ దగ్గర కూలి, కాంట్రాక్టరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయే మనిషి. సునంద అక్షరం మీద వేలు ఎంత గట్టిగా నొక్కిపెట్టేదంటే గోరు తెల్లబడిపోయేది.

"ఇక్కడ ఒకటే రూలు అక్కా" అంది దివ్య మేడం మొదటి రోజున నాతో. "పిల్ల చదువుతుంది, మనం వింటాం. తప్పు చదివినా, ఆగిపోయినా మాట్లాడకూడదు. అది తలెత్తి మన మొహం చూసినప్పుడే అందించాలి."

"తలెత్తకపోతే?"

"ఇంకా తనలో తనే వెతుక్కుంటోందన్నమాట. మనం మధ్యలో దూరకూడదు."

నన్ను చదివించిన వాళ్ళెవరూ నేను వెతుక్కునేదాకా ఆగలేదు. ఆ అమ్మాయి నాకు అప్పుడే నచ్చేసింది.

* * *

నెల తిరక్కుండానే మా శివ దాన్ని చెడగొట్టాడు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మా ఆయన ముత్తంగి గోదాములో పని ముగించుకుని వచ్చేసరికి రాత్రవుతుంది కాబట్టి, నిషితను తీసుకురమ్మని శివను పంపాను. వాడు గొడుగు మరిచిపోయాడని నేనూ వెనకాలే వెళ్ళాను. అందుకే జరిగిందంతా కళ్ళారా చూశాను.

వాడు బడి గేటు దగ్గర బండి ఆపి హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, ట్యాంకర్ వాళ్ళు సైడ్ అడిగినట్టు వరసగా కొట్టాడు.

వరండాలోంచి దివ్య మేడం లేచి నిలబడింది. "ఏవండీ! ఆ హారన్ ఆపుతారా? పిల్ల మాట మధ్యలో ఉంది."

"ఏ మాట మధ్యల?"

"గొడుగు. సగం దాకా వచ్చింది."

"ఇంకో సగం ఇంటికాడ చదువుతది తియ్యుండ్రి. వాన దంచుతున్నది."

"మీరు తడిస్తే ఆరతారు. పిల్ల ఇప్పుడు ఆగితే మళ్ళీ మొదటికొస్తుంది. కూర్చోండి!"

శివకు కూర్చోమని చెప్పిన ఆడపిల్ల అంతకుముందు లేదు. వాడు బిత్తరపోయి బండి దిగి, వరండా చూరు కింద నిలబడ్డాడు. వాన చూరు మీదినుంచి సరిగ్గా వాడి మెడ మీదకే ధారకట్టింది. కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత నిషిత వైపు చూసి, చేతిని మెడ మీద అడ్డంగా, కత్తితో కోసినట్టు గీశాడు.

దివ్య మేడం మొహం ఎర్రబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

"ఏంటండీ అది? ఏడేళ్ళ పిల్లకి గొంతు కోస్తానని చూపిస్తారా?"

"గొంతు కోసుడేంది మేడం! ఇగ బంద్ జెయ్ అంటున్న!"

"పైగా అరుస్తున్నారు!"

"అరుస్తలేను! నా గొంతే గిట్లుంటది!" అని అరిచాడు శివ.

చాపల మీద పిల్లలంతా కిసకిసా నవ్వారు. ఆ నవ్వుతో వాడికి రోషం వచ్చింది. ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"మీరు రేపట్నుంచి గేటు బయటే ఉండండి. పిల్లల దగ్గరికి రావద్దు."

"నేనే గాదు, మా పిల్ల గూడ రాదు. పదవే నిషితా!"

నేను గొడుగు చేతిలో పట్టుకుని కూడా తెరవడం మరిచిపోయి, నిలువునా తడుస్తూ నిలబడ్డాను.

ఇంటికి రాగానే శివ తల తుడుచుకుంటూ అన్నాడు. "పరేషాన్ గాకు వదినా. ఓ నాలుగు రోజులు ఊకో. ఇంకో మేడం ఎవరన్న వస్తది."

"నాలుగు రోజులా?" అన్నాను. "నాతోని గూడ రెండు నెలలే అన్నరు శివా."

వాడికి నా సంగతి తెలుసు. తువ్వాలు తల మీదే ఆగిపోయింది.

అత్తమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది. "పో కొడకా, పోయి గా పిల్లకు సారీ జెప్పు. మైకు మింగినట్టు మాట్లాడతవు, ఎవరు భయపడరు?"

* * *

మర్నాడు శివ సారీ చెప్పడానికి పోతూ వాడు పనిచేసే కంపెనీ హెల్మెట్టూ, చెవులకు పెట్టుకునే డిప్పలూ సంచిలో పెట్టుకుపోయాడు. సాక్ష్యమట. నిషితను తీసుకుని నేనూ వెంట వెళ్ళాను.

"సూడుండ్రి మేడం. లోపల మిషన్ల మోత. ఇవి పెట్టుకుంటే పక్కోడు మొత్తుకున్నా వినరాదు. గందుకే మేము చేతులతోని మాట్లాడుకుంటం." వాడు హెల్మెట్టు పెట్టుకుని ఒక్కొక్కటీ చేసి చూపించాడు. మెడ మీద అడ్డంగా గీస్తే, మోటరు బంద్ చెయ్యమని. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే, ఆపకు, నడిపించు అని. హెల్మెట్టు మీద రెండుసార్లు తడితే, నేను బాగానే ఉన్నాను, ఫికర్ లేదు అని.

దివ్య మేడం ఆ డిప్పలు చేతిలోకి తీసుకుని చూసింది. "మేం ల్యాబ్‌లో ఉంటామండీ. అక్కడ గాజు గ్లాసు కింద పెట్టినా వినిపిస్తుంది. ఇవన్నీ నాకేం తెలుసు?"

"తెల్వదు గదా. మరి అడగాలె."

"మీరు అడగనిస్తేనా?"

ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి, ఒకేసారి ఆపుకున్నారు. అప్పటికే వరండాలో పిల్లలందరూ ఒకరి మెడ మీద ఒకరు చేతులు గీసుకుంటున్నారు.

"చూశారా మీ నిర్వాకం? రేపు హెడ్‌మాస్టరు పిలిచేది నన్ను" అంది ఆమె. "దీనికి మీకు శిక్ష ఉంది. మాలో ఒకాయన మానేశారు, ఆయన పిల్లలు కూడా నా చాప మీదికే వచ్చారు. మీకు షిఫ్టు కుదిరిన రోజుల్లో వచ్చి సునంద పక్కన కూర్చోండి."

"నేను చదువు చెప్పుడా? నేను ఐటీఐ మేడం!"

"చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని వినాలి. మీకు అదే కష్టమని తెలిసే శిక్ష అన్నాను."

వాడికి నిజంగా కష్టమే అయింది. సునంద ఒక మాట దగ్గర ఆగితే శివ పెదవులు కదిలేవి, మెడ ముందుకు సాగేది, మెడలోని తువ్వాలు అంచు పళ్ళ మధ్యకు పోయేది. అవతలి చాప మీది నుంచి దివ్య మేడం చూసీ చూడనట్టు వేలు గుండ్రంగా తిప్పేది. ఆపకు, నడవనీ అని. వాడి సైగనే వాడి మీద వాడింది.

ఒకరోజు సునంద వేలు నొక్కిపెట్టి, పెట్టి, పెట్టి, "మేక... పిల్లకు... గొడుగు" అని తనంతట తానే లాగింది. లాగి, తలెత్తి శివ మొహం చూసింది. శివ కొట్టిన చప్పట్లకు రోడ్డవతల చాయ్ కొట్టాయన వచ్చి ఏమైందని అడిగిపోయాడు.

"మెల్లగా" అంది దివ్య మేడం. కానీ ఆమె కళ్ళు వాడి మీద కొంచెం ఎక్కువసేపే ఆగాయి. నేను చూశాను. నిషితకు జడ వేస్తున్నట్టు నటిస్తూ చూశాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక వింత మొదలైంది. రాత్రి డ్యూటీని మావైపు సి షిఫ్టు అంటారు. సి షిఫ్టు దిగినవాడు పొద్దున్నే ఇంటికి వచ్చి పడుకోవాలి. శివ మాత్రం బారెడు పొద్దెక్కాక కానీ రావడం లేదు.

"ఓటీ చేస్తున్నవారా? డ్యూటీ దిగినంక గూడ పనేనా?" అడిగింది అత్తమ్మ ఒక ఆదివారం పొద్దున.

"ఆ... గట్లనే అమ్మా."

నిషిత రోజూ బడికి పోయే దారి కంపెనీ గేట్ల మీదుగానే. అది పలక సంచి సర్దుకుంటూ అంది. "ఓటీ గాదు నానమ్మా. బాబాయ్ గేటు బయట నిలబడతడు. దివ్య మేడం బస్సు వస్తది. బాబాయ్ తల మీద రెండుసార్లు కొట్టుకుంటడు. మేడం గూడ కిటికీల నుంచి కొట్టుకుంటది."

అత్తమ్మ నా వైపు చూసింది. "ఏందే శ్రీలతా, ఇద్దరికీ తలనొప్పా?"

"ఇద్దరికీ ఒకటే నొప్పి అత్తమ్మా" అన్నాను. శివ దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు.

* * *

మా కంపెనీల బెల్టులో ప్రమాదం సైరన్ మోగితే ఎవరూ ఆలోచించరు. చేతిలో ఉన్నది కింద పెట్టి పరిగెత్తుతారు. ఒక మధ్యాహ్నం శివ కంపెనీ సైరన్ మోగింది. వాడు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు.

నేను పొయ్యి ఆర్పానో లేదో కూడా చూడకుండా గేటు దగ్గరికి పరిగెత్తాను. ఊరు సగం అక్కడే ఉంది. అందరికంటే ముందు, కమ్మీలు పట్టుకుని, ల్యాబ్ తెల్లకోటుతో, కళ్ళద్దాలు జుట్టు మీదికి తోసుకుని, దివ్య మేడం. ఆమె కంపెనీ రోడ్డుకు అవతల. కోటు కూడా విప్పకుండా వచ్చేసింది.

లోపల మైదానంలో కార్మికులు వరసలుగా నిలబడి ఉన్నారు. ఒకాయన తలలు లెక్కపెడుతున్నాడు. సైరన్ మోతలో ఎవరి కేక ఎవరికీ వినిపించదు. మూడో వరసలోంచి ఒక చెయ్యి లేచింది. పసుపు హెల్మెట్టు మీద రెండుసార్లు తట్టింది.

దివ్య మేడం కమ్మీలు పట్టుకునే, అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. అయితే అది మంచి ఏడుపు.

శివ బయటికి వచ్చేసరికి ఆమె లేచి కోటు దులుపుకుంటోంది.

"మాక్ డ్రిల్ మేడం. ఉత్తగనే. నిజంగ ఏమన్న అయితే ఎట్ల ఉరకాలెనో నేర్పిస్తరు."

"ఉత్తదేనా?" అంది ఆమె. "మరి పొద్దున బస్సు ఆగినప్పుడు చెప్పొచ్చుగా!"

"ఎవరికీ చెప్పొద్దంటరు."

"నాక్కూడానా?"

"మీకు చెప్పాలంటే... మీరు మా ఇంటి మనిషి అయుండాలె గద."

ఇంటి మనిషినైన నాకే వాడు చెప్పలేదు. అన్నాక వాడికే అర్థమైనట్టుంది తానేమన్నాడో. దివ్య మేడం తల దించేసుకుంది. శివ ఇప్పుడు ఏదో ఒకటి వాగుతాడు, మొత్తం పాడు చేస్తాడు అనుకున్నాను.

వాడు వాగలేదు. నోరు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సునంద పక్కన కూర్చున్నట్టే.

చాలాసేపటికి ఆమె తలెత్తి వాడి మొహం చూసింది. బుగ్గలు తడిగా ఉన్నాయి. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"తెలియనప్పుడు అడగాలని మీరేగా అన్నారు" అంది. "మరి అడగండి."

* * *

అడగడం అయింది. మా అత్తమ్మ సంతోషంగా ఒప్పుకుంది. రామచంద్రాపురంలో మాత్రం దివ్య వాళ్ళమ్మ నాగరత్నంగారు అన్నం పళ్ళెం పక్కకు తోసేసిందట. మా ఊరు, మా కులం, మా యాస, వీటిలో దేనికీ ఆమె అడ్డు చెప్పలేదట. ఒకటే మాట అందట.

"షిఫ్టు డ్యూటీ వాడికి నా కూతుర్ని ఇవ్వను."

కొన్నాళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉండమందట కూడా. దివ్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "నాలుగు రోజులు అమ్మ కోపం చల్లారేదాకా రాలేనక్కా. పిల్లలు జాగ్రత్త."

నాలుగు రోజులు. మళ్ళీ అదే మాట.

దివ్య చాప ఖాళీగా పడి ఉంది. శివ సి షిఫ్టులో, మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. అంతలోనే సునంద వాళ్ళ నాన్నను కాంట్రాక్టరు గడ్డపోతారం పంపించాడు. పొద్దున్నే ఆటోలో సామాను వేసుకుని పోయారని చాయ్ కొట్టాయన చెప్పాడు. అక్కడి బడిలో ఎప్పుడు వేస్తావని అడిగితే వాళ్ళ నాన్న అన్నాడట, "ఓ నాలుగు రోజులు కుదురుకున్నంక."

ఆ మాట విన్నాక నేను ఇంటికి వచ్చి చాప పరిచాను. నిషితను కూర్చోబెట్టాను.

"నువ్వు చదివిస్తవా అమ్మా?" నిషిత అనుమానంగా చూసింది.

"చదివియ్య. వింట."

వినడమే కదా పని. దానికి ఎనిమిదో తరగతి చాలు. అది తలెత్తి చూసినప్పుడు నాకు తెలిస్తే చెప్పాను. తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుక్కున్నాం. ఒక్క పూట కూడా ఆగనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం అలాగే కూర్చున్నాం. లోపలి గదిలో శివ సి షిఫ్టు నిద్రలో ఉన్నాడు. వాడు పగలు పడుకుంటే మా ఇంటి తీరే వేరు. కిటికీకి దుప్పటి కడతాం. కుక్కర్ విజిల్ వేస్తుందని అన్నం గిన్నెలో వండుతాను. కూరగాయల బండాయనతో అత్తమ్మ బేరం కూడా గుసగుసగానే చేస్తుంది. నిషిత చదివేదీ గుసగుసగానే.

గుమ్మంలో ఆటో ఆగింది. ఒక పెద్దావిడ దిగింది. జరీ అంచు చీర, చేతుల నిండా గాజులు, మొహం నిండా నిర్ణయం.

"శివకుమార్ ఇల్లు ఇదేనామ్మా?"

నేను లేచేలోపే నిషిత పెదవుల మీద వేలు పెట్టుకుంది. "ష్... మెల్లగ. బాబాయ్‌ది సి షిఫ్టు."

అప్పుడు జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. ఆవిడ ఏమీ ఆలోచించలేదు. చెప్పులు చప్పుడు కాకుండా విడిచింది. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది, గలగలమనకుండా. తలుపును కొంచెం పైకి ఎత్తిపట్టి మూసింది, కిర్రుమనకుండా. అదంతా ఆమె చేతులకు ఎప్పటి నుంచో తెలుసు.

నాగరత్నంగారేనని నాకు అర్థమైపోయింది.

"నేను శివకుమార్ వదిన్ని ఆంటీ. శ్రీలత" అన్నాను గుసగుసగా.

"నేను మాట్లాడాలమ్మా" అంది ఆవిడా గుసగుసగానే.

"ఇప్పుడు గాదు" అంది నిషిత. "నేను చదువుతున్న. కూసోండి. నేను తలెత్తి సూసేదాకా మాట్లాడొద్దు."

"నిషితా!" అన్నాను నేను. ఆవిడ చెయ్యి ఊపి నన్ను ఆపింది. చాప అంచున కూర్చుంది. వద్దని చెప్పడానికి వచ్చిన మనిషి, మేకపిల్ల వానలో తడుస్తూ గొడుగు కోసం అందరినీ అడగడం మొదటి నుంచీ వినాల్సి వచ్చింది.

నిషిత ఒకచోట ఆగింది. ఆవిడ ముందుకు వంగింది. పెదవి కదిలింది, కానీ మాట బయటికి రాలేదు. నిషిత వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది, ముందుకు పోయింది. కథలో మేకపిల్లకు ఒక బర్రె తన పొట్ట కింద చోటిచ్చింది. అప్పుడు నిషిత తలెత్తి ఆవిడ మొహం చూసింది.

ఆవిడ కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"ఈ రూలు ఎవరు చెప్పారే నీకు?"

"దివ్య మేడం."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "వాళ్ళ నాన్నదీ షిఫ్టు డ్యూటీయే అమ్మా. పగలు ఆయన నిద్ర. దివ్య ఇలాగే గుసగుసగా చదివేది. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. సరిదిద్దబోతే నా గొంతు లేచి ఆయనకి మెలకువ వస్తుందని భయం. అందుకని అది తలెత్తి చూసేదాకా మాట్లాడేదాన్ని కాదు. అది దానికి రూలైపోయిందా?"

ఆ రూలు దివ్య ఏదో ట్రైనింగులో నేర్చుకుందని నేను అనుకునేదాన్ని.

"నేను వద్దని చెప్పడానికే వచ్చాను" అంది ఆవిడ. "ఎన్నేళ్ళు గుసగుసలాడానో నాకే తెలుసు. గట్టిగా నవ్వితే తప్పు. గిన్నె జారితే తప్పు. ఒక్కదాన్నే, ఆ క్వార్టర్లో. నా కూతురికి అది వద్దనుకున్నాను. తప్పా చెప్పు?"

"తప్పు గాదు ఆంటీ" అన్నాను. తెలిసిందే చెప్పాను. "మీరు ఒక్కరే గుసగుసలాడిండ్రు. ఇక్కడ ఇంటిల్లిపాదీ అంతే. మా అత్తమ్మయితే వంకాయల బేరం గూడ గుసగుసగనే చేస్తది. దివ్య ఒక్కతే ఉండదు."

ఆవిడ వంటింటి వైపు చూసింది. అత్తమ్మ చాయ్ గ్లాసు చప్పుడు కాకుండా తువ్వాలు మీద పెట్టి, మునివేళ్ళ మీద నడిచి వస్తోంది.

సరిగ్గా అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. "వదినా! చాయ్!" ఇల్లు అదిరిపోయింది.

నాగరత్నంగారు ఉలిక్కిపడింది. శివ ఆవిడను చూశాడు. ఫోటోలో చూసి ఉన్నాడేమో, వెంటనే గుర్తుపట్టాడు. లుంగీ సర్దుకుని, ఏం చెయ్యాలో తోచక, చిందరవందర తల మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

"ఏమైంది నాయనా, తలనొప్పా?"

"కాదు అమ్మమ్మా" అంది నిషిత. "నేను బాగనే ఉన్న, ఫికర్ లేదు అని."

నాగరత్నంగారికి నవ్వు తన్నుకొచ్చింది. పకపకా నవ్వింది. నవ్వి, అంతలోనే అలవాటు కొద్దీ చేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

"నవ్వుండ్రి ఆంటీ" అన్నాడు శివ మెల్లగా. వాడు అంత మెల్లగా మాట్లాడగలడని మాకెవరికీ తెలియదు. "నేను లేచిన గదా."

ఆవిడ చెయ్యి కిందికి దించింది. మోచేతి దాకా తోసుకున్న గాజులు ఒక్కసారిగా గలగలమంటూ మణికట్టు మీదికి జారాయి.

"మా ఆయన్ని తీసుకుని మళ్ళీ వస్తాను" అంది ఆవిడ మామూలు గొంతుతో. "అప్పుడు ఈ అబ్బాయికి ఏ షిఫ్టో ముందే చెప్పండి. నాకు గట్టిగా మాట్లాడాలనుంది."

* * *

నరసరాజుగారూ వచ్చి మాట్లాడి వెళ్ళారు. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకున్నాం. దివ్య ఆ ఆదివారం మర్నాటి నుంచే బడికి వచ్చేసింది. బస్సు కిటికీ దగ్గర ఇప్పుడు దొంగచాటు లేదు, బస్సులో వాళ్ళంతా కలిసి తలల మీద తట్టుకుంటున్నారట.

మొన్న నిషిత చదువుతుంటే నేను మళ్ళీ పేజీ తిప్పాను. ఊరికే, పరీక్షకు.

అది ఆగిపోయి నన్ను కోపంగా చూసింది. "ఏందమ్మా, నేను ఇంకా అక్కడిదాకా రాలే గదా!"

నేను పేజీ వెనక్కి తిప్పి, వంటింట్లోకి పోయి, కాసేపు అక్కడే నిలబడ్డాను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి పూర్తిగా పీల్చుకున్నట్టు అనిపించింది.

ఒక్కటే మిగిలింది. శివ బండి మీద గడ్డపోతారం పోయి సునంద కోసం వెతికి వచ్చాడు. లేబర్ షెడ్లు మారారని చెప్పారట. ఎటు మారారో ఎవరికీ తెలియదు.

మీలో ఎవరైనా ఆ వైపు ఉంటే, ఒక్కసారి చూసి రండి. రెండో తరగతి పిల్ల. పేరు సునంద. చదివేటప్పుడు వేలు గట్టిగా నొక్కిపెడుతుంది, గోరు తెల్లబడుతుంది. వాళ్ళ నాన్న చెప్పిన నాలుగు రోజులు అయిపోయాయో లేదో కనుక్కోండి. కనిపిస్తే చేతికి ఒక పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోండి. ఎక్కడైనా ఆగితే మీరేం చెప్పకండి.

అది తలెత్తి చూసేదాకా ఆగండి.